గాయపడిన పెంపుడు జంతువును పశువైద్యుడి వద్దకు క్షేమంగా చేర్చడం: తరచుగా అడిగే ప్రశ్నలు

దెబ్బ తగిలిన జంతువును చూడగానే పరుగున వెళ్లి చేతుల్లోకి ఎత్తుకోవాలనిపిస్తుంది. అయితే విరిగిన ఎముక మొన పక్కనున్న రక్తనాళాన్ని కోయడం, చిట్లిన వెన్నుపూస వెన్నుపామును నొక్కడం, ఊపిరి అందక అవస్థపడుతున్న ప్రాణి ఛాతీ మీద మన చేతుల ఒత్తిడి పడడం వంటివి ఆ ఎత్తుకునే క్షణంలోనే జరగవచ్చు. ఇంటి దగ్గర మన వంతు పని వైద్యం చేయడం కాదు. జంతువు ఇప్పుడున్న స్థితి ఇంకా దిగజారకుండా దాన్ని వైద్యుడి బల్ల మీదికి చేర్చడం. కింది జవాబులు ఆ దృష్టితోనే రాసినవి. ఇవి ఎక్కువగా కుక్కలకు, పిల్లులకు సంబంధించినవి. పక్షులు, కుందేళ్లు, తాబేళ్ల సంగతి చివర్లో విడిగా ఉంది.

ప్రమాదం జరిగిన వెంటనే మొట్టమొదట ఏం చేయాలి?

ముందు మీ క్షేమం చూసుకోవాలి. రోడ్డు మీద పడి ఉంటే వచ్చే వాహనాలను ఎవరైనా ఆపిన తరువాతే దగ్గరికి వెళ్లాలి. కరెంటు తీగ కొరికి పడిపోయి ఉంటే మెయిన్ స్విచ్ కట్టేసేదాకా దాన్ని ముట్టుకోకూడదు. ఆ తరువాత రెండు మూడు అడుగుల దూరంలో కూర్చుని, అర నిమిషం పాటు చూడడం తప్ప మరేమీ చేయకండి. ఛాతీ లేచి పడుతోందా, పిలిస్తే కళ్లో చెవులో కదులుతున్నాయా, రక్తం కారుతోందా లేక చిమ్ముతోందా, నాలుగు కాళ్లూ కదుపుతోందా అన్నవి గమనించాలి. ఈ అర నిమిషం వృథా అయినట్టు అనిపిస్తుంది కానీ, దాన్ని ఎలా ఎత్తాలో, ఎంత తొందరపడాలో తేల్చేది ఇదే.

ఆసుపత్రికి ముందే ఫోన్ చేయాలా? నేరుగా వెళ్తే సరిపోదా?

ఫోన్ చేయాలి. ఆ సమయంలో వైద్యుడు ఉన్నారో లేదో, ఎక్స్‌రే, ఆక్సిజన్, శస్త్రచికిత్స సదుపాయాలు అక్కడ ఉన్నాయో లేవో తెలియకుండా బయలుదేరితే, మూసి ఉన్న తలుపు ముందు నిలబడి మరో ఆసుపత్రి వెతుక్కోవలసి రావచ్చు. ఒకరు జంతువు దగ్గర ఉంటే మరొకరు ఫోన్ చేయడం మంచిది. చెప్పవలసిన విషయాలు కొన్నే: ఏ జంతువు, వయసు, సుమారు బరువు, ఏం జరిగింది, ఎంతసేపయింది, ఊపిరి ఎలా ఉంది, స్పృహ ఉందా, రక్తం పోతోందా, ఎన్ని నిమిషాల్లో చేరుకోగలరు. మీరు చేరేలోగా వాళ్లు స్ట్రెచర్, ఆక్సిజన్ సిద్ధం చేసుకుంటారు. చాలాసార్లు ఫోన్‌లోనే మీ జంతువు పరిస్థితికి తగిన సలహా ఇస్తారు. అది ఇక్కడ రాసినదానికి భిన్నంగా ఉంటే వాళ్లు చెప్పినట్టే చేయండి.

మా కుక్క ఇంతవరకు ఎవరినీ కరవలేదు. అయినా మూతి కట్టాలా?

కట్టాలి. నొప్పితో, భయంతో ఉన్న కుక్క తన యజమాని చేతినే కరవడం అరుదేమీ కాదు. అది కోపంతో చేసే పని కాదు. విరిగిన చోట చేయి పడగానే నోరు దానంతటదే తిరుగుతుంది. పైగా ఆ కాటుతో మీ చేయి పనికిరాకుండా పోతే కుక్కను మోసేవారే ఉండరు.

చిక్కం, అంటే మజిల్ అని బజారులో దొరికేది, ఇంట్లో లేకపోతే మెత్తని గుడ్డ పేలిక, గాజుగుడ్డ పట్టీ, మెడకు కట్టుకునే టై, పొడవాటి సాక్సు ఏదైనా పనికొస్తుంది. సుమారు ఒక మీటరు పొడవుంటే చాలు. దాని మధ్యలో ఒక వదులు ముడితో ఉచ్చులాగా చేసి, కుక్కకు ఎదురుగా కాకుండా పక్కగా లేదా వెనుకగా ఉండి మూతి మీదుగా తొడగాలి. ఉచ్చు ముక్కు రంధ్రాల మీద కాకుండా మూతి మధ్యభాగంలో ఉండేలా చూసి బిగించాలి. తరువాత రెండు కొసలనూ దవడ కిందికి తెచ్చి మరో ముడి వేసి, చెవుల కింది నుంచి మెడ వెనక్కి తీసుకెళ్లి, ఒక్క లాగుతో ఊడివచ్చే ముడి వేయాలి. ఈ చివరి ముడి సులువుగా ఊడడం చాలా అవసరం, ఎందుకంటే దారిలో వాంతి వస్తే మీకు ఉండే సమయం రెండు మూడు క్షణాలే.

మూతి ఎప్పుడు కట్టకూడదు?

స్పృహ లేనప్పుడు, వాంతులు అవుతున్నప్పుడు, ఊపిరి కష్టంగా ఉన్నప్పుడు, దవడకో ముఖానికో దెబ్బ తగిలినప్పుడు, వడదెబ్బ తగిలి రొప్పుతున్నప్పుడు కట్టకూడదు. పగ్, బుల్‌డాగ్ వంటి చప్పిడి మూతి జాతులకు మామూలు రోజుల్లోనే గాలి సరిగా అందదు కాబట్టి వాటికీ వద్దు. అటువంటప్పుడు మడిచిన మందపాటి తువ్వాలును మెడ చుట్టూ వదులుగా పెడితే తల చటుక్కున వెనక్కి తిప్పలేదు.

పిల్లిని ఎలా పట్టుకోవాలి?

గాయపడిన పిల్లికి పళ్లతో పాటు నాలుగు కాళ్ల గోళ్లూ ఆయుధాలే, దాక్కునే చోటు కోసం వెతకడం దాని స్వభావం. కాబట్టి ముందుగా గది తలుపులు, కిటికీలు మూయాలి. పెద్ద తువ్వాలును రెండు చేతులా విప్పి పట్టుకుని, పై నుంచి దాని ఒంటి మీద మెల్లగా కప్పి, అంచులను ఒంటి కిందికి చేర్చి మొత్తంగా పైకెత్తాలి. తల బయటికి ఉండవచ్చు, కాళ్లు మాత్రం లోపలే ఉండాలి. ఛాతీ చుట్టూ తువ్వాలు బిగుసుకోకుండా చూడాలి. మెడ వెనుక చర్మం పట్టుకుని గాలిలో వేలాడదీయడం తల్లిపిల్లి తన కూనలకు చేసే పని; ఎదిగిన పిల్లికి, అందులోనూ గాయపడినదానికి, అది బాధాకరం, ప్రమాదకరం.

క్యారియర్ చిన్న తలుపులోంచి పిల్లిని లోపలికి నెట్టడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. ప్లాస్టిక్ క్యారియర్లలో చాలావాటికి పక్కన క్లిప్పులు ఉంటాయి. వాటిని తీస్తే పైకప్పు మొత్తం ఊడి వస్తుంది. పిల్లిని తువ్వాలుతో సహా కింది భాగంలో దించి, కప్పు మళ్లీ బిగించండి. క్యారియర్ లేకపోతే గాలి రంధ్రాలు చేసిన గట్టి అట్టపెట్టె చాలు. పైన పలుచని గుడ్డ కప్పితే చీకటిగా ఉండి పిల్లి నెమ్మదిస్తుంది. ఒక మాట: పిల్లి గురగురమంటోంది కదా, హాయిగానే ఉందనుకోకండి. తీవ్రమైన నొప్పిలో ఉన్న పిల్లులు కూడా ఆ శబ్దం చేస్తాయి.

వెన్నెముకకు దెబ్బ తగిలిందేమోనని అనుమానం. ఎలా కదపాలి?

వాహనం గుద్దినా, ఎత్తు నుంచి పడినా, వెనుక కాళ్లు ఈడుస్తున్నా, కాళ్లు బిగుసుకుపోయినా, లేవలేకపోతున్నా వెన్నెముక దెబ్బతిన్నదనే అనుకోవాలి. కాదని తేల్చవలసింది ఎక్స్‌రే, మనం కాదు. అటువంటి జంతువును చేతుల మీద ఎత్తితే నడుము మధ్యలో వంగుతుంది. వంగకుండా చూడడమే ఇక్కడ చేయవలసిన పని.

వంగని పలక ఒకటి కావాలి: ప్లైవుడ్ ముక్క, ఇస్త్రీ బల్ల, అలమరలోంచి తీసిన అర, పిల్లి అయితే పెద్ద ట్రే లేదా చదునైన డ్రాయరు. పలకను జంతువు వీపు వైపు, నేలకు ఆనించి, ఒంటికి తగిలేంత దగ్గరగా పెట్టాలి. ఇద్దరు ఉంటే ఒకరు తల, భుజాల దగ్గర, మరొకరు తుంటి దగ్గర, చర్మాన్నీ కింద పరచిన గుడ్డనూ కలిపి పట్టుకుని, లెక్కపెట్టి ఒకేసారి పలక మీదికి జరపాలి. ఎత్తకూడదు, దొర్లించకూడదు, తల, వీపు, తోక మొదలు ఒకే గీతలో ఉండగా నేల మీద జారినట్టు రావాలి. తరువాత భుజాల వెనుక ఒకచోట, తుంటి మీద ఒకచోట వెడల్పాటి గుడ్డతో పలకకు కట్టాలి. మెడ మీద, పొట్ట మీద కట్టు పడకూడదు. కట్టడానికి ప్రయత్నిస్తుంటే జంతువు గింజుకుంటోందా? అయితే కట్టు మానేసి, అరచేతులతో మెల్లగా అదిమి పట్టుకుని ఉండడమే మేలు. గింజులాటలో వెన్నెముకకు జరిగే నష్టం, కట్టు వల్ల కలిగే లాభం కంటే ఎక్కువ.

కుక్క బాగా బరువు. నేను ఒక్కడినే ఉన్నాను. ఎలా?

దుప్పటి తీసుకోండి. కుక్క వీపు వెనుక దుప్పటిని సగం వరకు చుట్టి పెట్టి, ఒంటి కిందికి కొద్దికొద్దిగా జరుపుతూ, ముందు భుజాలను, తరువాత తుంటిని దాని మీదికి లాగాలి. అప్పుడు దుప్పటిని తల వైపు నుంచి పట్టుకుని వాహనం దాకా నేల మీద ఈడ్చుకు వెళ్లవచ్చు. చూసేవారికి మొరటుగా కనిపించినా, వంగిన నడుముతో ఒంటరిగా ఎత్తి దారిలో జారవిడవడం కంటే ఇది క్షేమం. వాహనంలోకి ఎక్కించడానికి మాత్రం రెండో మనిషి కావాలి. దారిన పోయేవారినైనా సరే పిలవండి, కానీ వాళ్లను తల వైపు నిలబెట్టకండి. దుప్పటి నాలుగు మూలలూ బిగుతుగా లాగి పట్టుకుంటేనే అది స్ట్రెచర్‌లా పనిచేస్తుంది, వదులైతే మధ్యలో కుంగిపోతుంది.

వెన్నెముక మీద అనుమానం లేని చిన్న కుక్క అయితే ఒక చేయి ఛాతీ కింద, రెండో చేయి తుంటి కింద పెట్టి ఒంటికి ఆనించుకోవచ్చు. వెనుక కాలు ఒక్కటే కుంటుతూ, మిగతా మూడు కాళ్ల మీద నిలబడగల పెద్ద కుక్కకు పొట్ట కింద, వెనుక కాళ్లకు ముందుగా ఒక తువ్వాలు వేసి, దాన్ని జోలెలా పైకి పట్టుకుంటూ నడిపించవచ్చు.

కాలు విరిగినట్టుంది. పుల్ల పెట్టి కట్టు కట్టవచ్చా?

వద్దు. విరిగిన చోటుకు పైనా కిందా ఉన్న కీళ్లు రెండూ కదలకుండా ఉంటేనే కట్టు పనిచేస్తుంది, లేకపోతే విరిగిన చోటే ఊగుడుబల్ల మధ్యనుండే ఇరుసులా మారి ఎముక ఇంకా ఎక్కువ ఊగుతుంది. తొడ ఎముక, భుజం ఎముక విరిగితే ఇంట్లో అలా కట్టడం అసలు కుదరదు. వంకరపోయిన కాలును సరిచేయాలని లాగడం అంతకంటే తప్పు. విరిగిన కాలు పైకి ఉండేలా పక్కకు పడుకోబెట్టి, దాని కింద మడిచిన తువ్వాలు ఆనించి వదిలేయండి. ఎముక బయటికి పొడుచుకు వచ్చి ఉంటే సెలైన్‌తో తడిపిన శుభ్రమైన గుడ్డ కప్పాలి. లోపలికి నెట్టకూడదు, మందులు పూయకూడదు.

రక్తం ఆగడం లేదు. బయలుదేరాలా, ఆపడానికి ప్రయత్నించాలా?

రెండూ ఒకేసారి జరగాలి: ఒకరు వాహనం సిద్ధం చేస్తుండగా మరొకరు గాయాన్ని నొక్కి పట్టుకోవాలి. గాజుగుడ్డ లేదా మడిచిన శుభ్రమైన గుడ్డ గాయం మీద పెట్టి, అరచేతితో గట్టిగా, 5 నుంచి 10 నిమిషాల వరకు వదలకుండా నొక్కాలి. ఆగిందో లేదో చూద్దామని మధ్యలో గుడ్డ ఎత్తితే అప్పుడే కట్టుకుంటున్న రక్తపు గడ్డ ఊడిపోతుంది. గుడ్డ తడిసిపోతే దాని మీదే మరొకటి వేసి నొక్కుతూ ఉండాలి. కాలికి తాడు బిగించి కట్టడం చివరి ఉపాయం. నొక్కినా ఆగకుండా రక్తం చిమ్ముతున్నప్పుడు మాత్రమే, వెడల్పాటి గుడ్డతో కట్టి, కట్టిన సమయం రాసుకుని, వైద్యుడికి చెప్పాలి.

ఇనుప చువ్వో, పుల్లో గుచ్చుకుని ఉంటే తీసేయాలా?

తీయకూడదు. లోపల తెగిన రక్తనాళాన్ని ఆ వస్తువే మూసి ఉంచి ఉండవచ్చు. చుట్టూ గుడ్డలు పేర్చి అది కదలకుండా చూడండి. మరీ పొడవుగా ఉండి వాహనంలో పట్టకపోతే, గాయం దగ్గర గట్టిగా పట్టుకుని బయటి భాగాన్ని కత్తిరించవచ్చు, అదీ ఒంట్లోని మొన కదలకుండా ఉంటేనే.

ఊపిరి ఆడడం కష్టంగా ఉంటే ఎలా పడుకోబెట్టాలి?

మీరు పడుకోబెట్టకండి, దాన్నే ఎంచుకోనివ్వండి. గాలి అందని కుక్క మెడ చాచి, మోచేతులు ఒంటికి దూరంగా పెట్టి, కూర్చునే ఉండాలనుకుంటుంది. పిల్లి పొట్ట మీద బోర్లా ఉండి తల ముందుకు చాస్తుంది. ఆ భంగిమలో దాని ఛాతీకి కాస్త చోటు దొరుకుతోంది. విశ్రాంతి అనుకుని పక్కకు వాల్చితే ఉన్న ఆ కొద్ది గాలి కూడా పోవచ్చు. ఒకవేళ అది తనంతట పక్కకు పడుకుంటే, దెబ్బ తగిలిన వైపు కిందికి ఉండడం మంచిది. అప్పుడు పై వైపున్న మంచి ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకుంటుంది.

మెడపట్టీ తీసేయాలి, ఛాతీ చుట్టూ దేన్నీ బిగించకూడదు, కిటికీ తెరవాలి లేదా ఏసీ వేయాలి, మాటలు తగ్గించాలి. ఛాతీలో రంధ్రం పడి గాలి బుసబుసమంటుంటే శుభ్రమైన తడి గుడ్డతో మూసి బయలుదేరాలి. మూసిన తరువాత ఊపిరి మరింత కష్టమైతే, లోపల గాలి చిక్కుకుందని అర్థం. అప్పుడు గుడ్డ ఒక అంచు కాస్త ఎత్తాలి. పిల్లి నోరు తెరచి ఊపిరి తీస్తోందంటే, గాయం కనిపించినా కనిపించకపోయినా, అది అత్యవసర పరిస్థితే. కుక్కలా పిల్లి ఊరికే రొప్పదు.

స్పృహ లేదు. ఊపిరి కూడా ఆగిపోతే?

స్పృహ లేకపోయినా ఊపిరి ఉంటే పక్కకు పడుకోబెట్టి, మెడను కొద్దిగా చాచి, నాలుకను ముందుకు లాగి, నోట్లో ఉన్న వాంతి, రక్తం గుడ్డతో తుడిచేయాలి. తల ఒంటికంటే కాస్త పల్లంగా ఉంటే నోట్లోని ద్రవం బయటికి కారుతుంది. తలకు దెబ్బ తగిలిందనుకుంటే మాత్రం తల పల్లంగా ఉంచకండి. తలా మెడా కలిసి ఒంటికంటే కొద్ది ఎత్తులో ఉండేలా పలకనే వాల్చండి.

పిలిచినా పలకకుండా, ఊపిరి కూడా లేకుండా ఉంటే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. పక్కకు పడుకోబెట్టి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఛాతీ వెడల్పులో మూడో వంతు నుంచి సగం వరకు దిగేలా నొక్కి, ప్రతిసారీ పూర్తిగా లేవనివ్వాలి. 30 సార్లు నొక్కాక నోరు మూసి పట్టుకుని ముక్కులోకి 2 సార్లు ఊదాలి. పిల్లికి, చిన్న కుక్కకు ఒక చేతి వేళ్లతో ఛాతీని చుట్టి నొక్కవచ్చు. పెద్ద కుక్కకు రెండు చేతులూ కావాలి. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి. ఇది వాహనంలో చేయవలసి వస్తే నడిపేవారు కాక మరొకరు తప్పక ఉండాలి. గాయాల వల్ల గుండె ఆగిన జంతువుల్లో బతికేవి తక్కువే అన్నది నిజం, కానీ దారిలో చేయగలిగింది ఇదొక్కటే.

ఫిట్స్ వస్తుంటే తీసుకెళ్లవచ్చా?

వీలైతే ఫిట్ ఆగేదాకా కదపకండి. చుట్టూ ఉన్న గట్టి వస్తువులు తీసేసి, తల కింద మెత్తటిది పెట్టి, సమయం చూడండి. నోట్లో చేయి, చెంచా పెట్టకూడదు. జంతువు నాలుక మింగేయదు, మీ వేళ్లు మాత్రం తెగుతాయి. ఫిట్ 5 నిమిషాలు దాటినా, ఒకదాని వెంట ఒకటి వస్తున్నా మాత్రం ఆగకుండా, దుప్పట్లో వదులుగా చుట్టి బయలుదేరాలి. ఫోన్‌లో ఒక వీడియో తీస్తే వైద్యుడికి చాలా ఉపయోగపడుతుంది.

వడదెబ్బ, కాలిన గాయాల విషయంలో కూడా వెంటనే బయలుదేరాలా?

ఈ రెండింటిలో ముందు చల్లబరచాలి, తరువాతే ప్రయాణం. వడదెబ్బ తగిలిన కుక్క ఒంటి మీద ఆపకుండా చల్లని నీళ్లు పోస్తూ ఫ్యాను గాలి తగిలేలా చూడాలి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే అది వేడెక్కి, వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. కుక్క మామూలు శరీర ఉష్ణోగ్రత సుమారు 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. థర్మామీటరు ఉంటే 39.4కు దిగగానే నీళ్లు పోయడం ఆపాలి, లేకపోతే ఉష్ణోగ్రత మరీ పడిపోతుంది. వాహనంలో ఏసీ పూర్తిగా వేసి ఉంచాలి.

కాలిన చోట 10 నుంచి 20 నిమిషాలు చల్లని నీటి ధార పడనివ్వాలి. ఆ సమయంలో మిగతా ఒళ్లు పొడిగా, వెచ్చగా ఉండాలి. ఐసు, వెన్న, పేస్టు, పసుపు ఏవీ పూయకూడదు; వాటిని కడిగి తీయడానికి వైద్యుడు మళ్లీ ఆ పచ్చి పుండునే రుద్దవలసి వస్తుంది.

నొప్పి తగ్గడానికి మన మాత్ర అర ముక్క ఇవ్వవచ్చా?

ఈ ఒక్క విషయంలో మినహాయింపు లేదు: ఇవ్వకూడదు. పారాసెటమాల్‌ను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు. ఒక్క మాత్రతోనే రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితికి చేరి, చిగుళ్లు గోధుమరంగుకు మారి, ప్రాణం పోవచ్చు. ఐబుప్రోఫెన్ కుక్కల్లో కడుపులో పుండ్లు, మూత్రపిండాల వైఫల్యం తెస్తుంది. ఆస్పిరిన్ రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది, గాయపడినప్పుడు కావలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం. ఇంతే కాదు, మీరు ఏదైనా ఇచ్చి ఉంటే, ఆసుపత్రిలో ఇవ్వగలిగిన మంచి నొప్పి మందు ఇవ్వడానికి కూడా వైద్యుడు వెనకాడవలసి వస్తుంది. పాత చీటీలో మిగిలిన మందుకూ ఇదే వర్తిస్తుంది. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే దాచకుండా చెప్పండి.

నీళ్లు, తిండి పెట్టవచ్చా?

కుక్కకు, పిల్లికి వద్దు. మత్తు ఇవ్వవలసి వస్తే కడుపులో ఉన్నది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

వాహనంలో ఎక్కడ ఉంచాలి? ఎలా నడపాలి?

వెనుక సీటు, లేదా పెద్ద వాహనమైతే సీట్లు మడిచిన చదునైన భాగం అనువైనది. క్యారియర్‌ను ముందు సీటు వెనుక కాళ్లు పెట్టుకునే చోట, నేల మీద, కదలకుండా ఇరికించి పెట్టాలి. ఒళ్లో పెట్టుకోవడం, ముఖ్యంగా నడిపేవారి ఒళ్లో, వద్దు. ముందు సీట్లో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే దాని దెబ్బకు జంతువు చనిపోవచ్చు. పలక మీద కట్టిన జంతువైతే పలకను కూడా జారకుండా దుప్పట్లతో ఇరికించాలి. నడిపేవారు ఒకరు, జంతువును చూసేవారు ఒకరు ఉండాలి. పిల్లలను, ఇంట్లోని మిగతా జంతువులను తీసుకెళ్లకండి. నొప్పిలో ఉన్న తోటి కుక్క మీదికి రెండో కుక్క ఎగబడడం జరుగుతూ ఉంటుంది.

వేగం విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. సిగ్నళ్లు దాటుకుంటూ దూసుకుపోతే మిగిలేది సాధారణంగా రెండు మూడు నిమిషాలు. ఒక్క సడన్ బ్రేకుతో విరిగిన ఎముక కదిలిపోతుంది. సమయం నిజంగా మిగిల్చుకోగలిగేది ఇంటి దగ్గర, తాళంచెవులు, డబ్బు, ఆసుపత్రి చిరునామా వెతుక్కునే చోట.

కారు లేదు. ద్విచక్ర వాహనం మీద తీసుకెళ్లవచ్చా?

వీలైనంత వరకు వద్దు. ట్యాక్సీ, ఆటో, పొరుగువారి వాహనం, ఉంటే జంతువుల అంబులెన్సు చూడండి. ట్యాక్సీ పిలిచేటప్పుడు గాయపడిన జంతువు ఉందని ముందే చెప్పి, సీటు మీద ప్లాస్టిక్ షీటు, దుప్పటి వేస్తే చాలామంది ఒప్పుకుంటారు. మరే దారీ లేకపోతే, చిన్న జంతువును గట్టి క్యారియర్‌లో ఉంచి, వెనుక కూర్చున్నవారు రెండు చేతులతో పట్టుకుని వెళ్లవచ్చు. వెన్నెముక దెబ్బ, ఊపిరి ఇబ్బంది ఉన్నవాటిని అలా తీసుకెళ్లకూడదు. సంచిలో పెట్టి హ్యాండిల్‌కు తగిలించడం ఏ పరిస్థితిలోనూ వద్దు.

దారిలో ఏమేం గమనిస్తూ ఉండాలి?

పై పెదవి కొద్దిగా ఎత్తి చిగుళ్లు చూడండి, కరుస్తుందన్న భయం లేకపోతేనే. ఆరోగ్యంగా ఉన్నప్పుడు అవి తడిగా, గులాబీ రంగులో ఉంటాయి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటికి 2 సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. చిగుళ్లు పాలిపోవడం, రంగు ఆలస్యంగా రావడం, పాదాలు చల్లబడడం, గుండె వేగంగా కొట్టుకోవడం షాక్ లక్షణాలు, అంటే ఒంట్లో రక్తప్రసరణ ప్రమాదకరంగా తగ్గిపోయిన స్థితికి గుర్తులు. నీలం రంగు అయితే ఆక్సిజన్ అందడం లేదని అర్థం. కొన్ని కుక్కల చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి, వాటికి కింది కనురెప్ప లోపలి భాగం చూడాలి. మార్పు కనబడితే ఆసుపత్రికి మళ్లీ ఫోన్ చేసి చెప్పండి.

షాక్‌లో ఉన్నదాన్ని దుప్పటితో వెచ్చగా ఉంచాలి. వేడినీళ్ల సీసా నేరుగా ఒంటికి ఆనించకండి. రక్తప్రసరణ తగ్గిన చర్మం త్వరగా కాలిపోతుంది, జంతువు పక్కకు జరగలేదు కూడా.

గుద్దుకున్నా లేచి మామూలుగా నడుస్తోంది. ఇంకా తీసుకెళ్లాలా?

తీసుకెళ్లాలి. ఊపిరితిత్తులు కమిలినా, మూత్రాశయం చిరిగినా, పొట్టకూ ఛాతీకీ మధ్యనున్న పొర తెగి పేగులు పైకి జారినా మొదటి కొన్ని గంటలు జంతువు మామూలుగానే కనిపించవచ్చు. లక్షణాలు ఒకటి రెండు రోజుల్లో బయటపడతాయి. ఎత్తయిన కిటికీలోంచి పడిన పిల్లి కాళ్ల మీదే దిగినా, దవడ, నోటి పైభాగం చీలడం, ఛాతీలో గాలి చేరడం తరచుగా చూసే సంగతులు.

పాము కాటు వేస్తే?

నడిపించకండి, మోసుకెళ్లండి, కదలిక వల్ల విషం త్వరగా వ్యాపిస్తుంది. కోయడం, పీల్చడం, తాడు కట్టడం, ఐసు పెట్టడం వద్దు. వాపు వస్తుంది కాబట్టి మెడపట్టీ తీసేయాలి. పామును చంపి తీసుకురావలసిన పని లేదు. దూరం నుంచి ఫోటో దొరికితే మంచిదే, దానికోసం వెతుకుతూ నిలబడకండి.

పక్షులు, కుందేళ్లు, తాబేళ్ల విషయం?

పక్షికి మనలాగా ఊపిరి తీయించే కండరపు పొర ఉండదు. ఛాతీ ఎముక ముందుకు వెనక్కి కదిలితేనే గాలి లోపలికి పోతుంది. కాబట్టి ఛాతీని పిడికిట్లో బిగిస్తే గాయం లేని పక్షి కూడా చనిపోతుంది. మెడను రెండు వేళ్ల మధ్య మెత్తగా నిలిపి, రెక్కలు మూసి, పలుచని గుడ్డలో వదులుగా పట్టుకోవాలి. రంధ్రాలున్న చిన్న అట్టపెట్టెలో గుడ్డ పరచి, చీకటిగా, వెచ్చగా, నిశ్శబ్దంగా తీసుకెళ్లాలి. పంజరంలోనే తీసుకెళ్తే ఊయల, నీళ్ల గిన్నె తీసేయండి.

కుందేలు వెనుక కాళ్ల బలం దాని వెన్నెముక బలం కంటే ఎక్కువ. వెనుక భాగానికి ఆధారం లేకుండా ఎత్తితే గాలిలో తన్నుకుని తన నడుము తానే విరగ్గొట్టుకోగలదు. అడుగున జారని గుడ్డ పరచాలి. కుందేలు వాంతి చేసుకోలేదు, పైగా పేగుల కదలిక ఆగితే ప్రాణం మీదికి వస్తుంది, అందుకని దానికి తిండి మాన్పించకూడదు. పెట్టెలో కాస్త గడ్డి ఉంచండి.

డిప్ప పగిలిన తాబేలును నీళ్లలో ఉంచకూడదు. ఊడిన ముక్కలు ఉంటే తీసుకెళ్లండి, పగులు మీద సెలైన్‌తో తడిపిన గుడ్డ కప్పి పొడి పెట్టెలో పెట్టండి. జిగురుతో అతికిస్తే లోపల చీము పడుతుంది.

తెలియని జంతువుకు సాయం చేస్తుండగా కరిస్తే?

గాయాన్ని వెంటనే సబ్బుతో, పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు డాక్టరును కలిసి రేబిస్ టీకా విషయం తేల్చుకోవాలి. జంతువు ఆసుపత్రికి చేరాక చూద్దాంలే అని వాయిదా వేయకండి. ముట్టుకునే ముందు మందపాటి చేతి తొడుగులు, పెద్ద దుప్పటి ఉంటే మంచిది. దగ్గరికి రానివ్వని జంతువును తరిమి పట్టుకోవడం కంటే, అది ఉన్న చోటనే కనిపెట్టి ఉండి, జంతు సంరక్షణ సంస్థకు కబురు చేయడం మేలు.

ఆసుపత్రి చేరాక దింపి లోపలికి మోసుకెళ్లాలా?

పలక మీద ఉన్నదాన్ని, బరువైనదాన్ని వాహనంలోనే ఉంచి, ఒకరు లోపలికి వెళ్లి స్ట్రెచర్ తీసుకురమ్మని చెప్పాలి. గుమ్మం దగ్గర ఇంకొకసారి ఎత్తి దించడం తప్పుతుంది. వైద్యుడు చేతులు వేయబోయే ముందే, ఎక్కడ ముట్టుకుంటే అరుస్తోందో, మూతి ఎందుకు కట్టారో లేక ఎందుకు కట్టలేదో చెప్పండి.

ముందుగానే ఏం సిద్ధం చేసుకోవచ్చు?

రోజూ వెళ్లే ఆసుపత్రి నంబరుతో పాటు రాత్రిపూట తెరిచి ఉండే ఆసుపత్రి నంబరు, చిరునామా ఫోన్‌లో ఉంచుకోండి. ప్రమాదాలు పనివేళలు చూసి రావు. ఒక సంచిలో గాజుగుడ్డ, వెడల్పాటి కట్టు బట్ట, సెలైన్ సీసా, రెండు తువ్వాళ్లు, దుప్పటి, కుక్కకు సరిపోయే చిక్కం, చేతి తొడుగులు, టీకాల పుస్తకం నకలు పెట్టి వాహనంలోనో తలుపు పక్కనో ఉంచండి. జంతువు బరువు ఎప్పటికప్పుడు రాసుకుంటే మందు మోతాదు లెక్కకు పనికొస్తుంది. పెద్ద కుక్క ఉన్నవాళ్లు, దానికి సరిపడే పలక ఇంట్లో ఏది, అది తమ వాహనం తలుపులోంచి పడుతుందా అన్నది ఒకసారి కొలిచి చూసుకోవాలి. క్యారియర్‌ను అటక మీద దాచి, ఆసుపత్రికి వెళ్లే రోజునే దింపితే పిల్లి దాన్ని చూడగానే మంచం కిందికి దూరుతుంది. తలుపు తీసి, లోపల పాత తువ్వాలు పరచి, ఇంట్లో ఒక మూల ఎప్పుడూ ఉంచితే కొన్ని వారాల్లో అందులోనే నిద్రపోవడం అలవాటు చేసుకుంటుంది.